అయినా సరే, తెరువు

డ్రాయరు సొరుగులో దొరికిన పెన్‌డ్రైవ్‌కి
రబ్బరు బ్యాండుతో కట్టిన చీటీ: "వంతుల లెక్క.
మట్టపర్తి సుబ్బారాయుడు, డ్రాఫ్ట్స్‌మన్."
ఆయన పోయి మూడేళ్ళు.
ఆఫీసు కంప్యూటరు పోయి మూడు వారాలు.
దాళ్వాకి నీటి వంతులు సోమవారం నుంచి.
ఇవాళ శనివారం, రాత్రి తొమ్మిదిన్నర.

నా దగ్గరున్నది మ్యాక్.
అమలాపురంలో పెళ్ళి ఫొటోలు తీసే కుర్రాడు అమ్ముతుంటే
వాయిదాల మీద కొన్నాను.
తెరిస్తే ఇప్పటికీ ఓ మూల ఎవరివో తలంబ్రాలు.
తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఫోర్‌ట్రాన్ అనే మాట కాలేజీలో
పరీక్షకి రెండ్రోజుల ముందు విన్నాను,
పరీక్ష మర్నాడు మర్చిపోయాను.

లాకు క్వార్టర్లో సిగ్నలు రాదు.
ఫోను కిటికీ చువ్వకి కట్టి కూచుంటే
సామాను బొట్టుబొట్టుగా దిగుతోంది.
ఇది కావాలంటే అది ఉండాలట,
అది ఉండాలంటే ఇంకో నాలుగు.
గుర్రపుడెక్క ఒక్క కాడ లాగితే
కాలవంతా కదిలొచ్చినట్టు.

అన్నీ వచ్చాక తెర మధ్యన నిలబడి అంది:
తయారుచేసినవారెవరో గుర్తుపట్టలేను.
తెరవను.
కింద రెండే బొత్తాలు.
సరే అని ఒకటి, చెత్తబుట్టలోకి అని ఒకటి.

వెతగ్గా వెతగ్గా సెట్టింగుల్లో అట్టడుగున
బూడిదరంగు అక్షరాల్లో ఇంకోటి కనపడింది:
అయినా సరే, తెరువు.

ఈ మాట నాకు తెలుసు.
కిందటి మార్చిలో అర్ధరాత్రి
ఉప్పలగుప్తం శివారు రైతులు టార్చిలైట్లతో
లాకు మీద నిలబడి
లస్కరు ఏసుదాసుతో అన్న మాట.
వంతు మీది కాదండి, రూలు ఒప్పదండి, అన్నాడు.
అయినా సరే, తెరువు.
తెరిచాడో లేదో రిజిస్టర్లో లేదు.
పొద్దున గేజీ రాయి మీద
తడి మచ్చ నాలుగంగుళాలు కిందికుంది.

నొక్కాను.

ఎక్కింది గానీ పిలిస్తే పలకదు.
అలాంటిదేమీ లేదంటుంది.
అది వెతికే దారుల చిట్టా ఒకటుందట,
చిట్టాలో లేనిది కళ్ళెదురుగా ఉన్నా దానికి కనపడదట.
గట్టు తెగకుండా కొత్త తూము పెట్టినట్టు
పాత దారుల పక్కన రెండు చుక్కలు పెట్టి
కొత్త దారి రాయాలి.
మొదటిసారి పాతవన్నీ చెరిపేశాను.
ఏ మాటకీ ఏదీ పలకలేదు.
మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మొదలు.

పన్నెండుంపావుకి ఏసుదాసు టీ తెచ్చాడు.
"పారిందాండి మేడంగారూ?"
ఇంకా లేదు.
"నీరూ అంతేనండి, ఆయ్. ముందు బుడగలే వస్తాయి."

ఈ భాషలో ప్రతి వరసా
ఆరు ఖాళీలు వదిలి మొదలవ్వాలి,
గట్టు వార నాట్లు వెయ్యనట్టు.
నలభై ఒక్క తప్పులు. సరిచేస్తే పదిహేడు.
అవీ సరిచేస్తే, ఎందుకో, అరవై.

వరసల మధ్య సుబ్బారాయుడుగారే
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట్లాడుతున్నారు:
"ఒకటి పాయింటు ఒకటి ఎనిమిది. ఈ అంకె మార్చకండి.
పుస్తకాల్లో ఉండదు.
ఎండ్రకాయ బొరియలు నేనే నడిచి లెక్కెట్టాను."

రెండూ యాభైకి
తెర నిండా ఒక్కసారిగా దిగింది.
బోదె పేరు, ఎకరాలు, గంటలు.
ఆఖరి వరస: కాటమ్మ బోదె,
రెండు వందల పన్నెండు ఎకరాలు, తొమ్మిది గంటలు.

కాటమ్మ బోదె ఇప్పుడు లేదు.
అక్కడివన్నీ రొయ్యల చెరువులు.
ఏరేటర్లు నీళ్ళు కొడుతున్న చప్పుడు
ఈ కిటికీలోంచే వినపడుతోంది.
ఆయన లెక్కలో మాత్రం
తొమ్మిది గంటల మంచినీళ్ళు ఇంకా అటే పోతున్నాయి.

కొట్టేద్దామని వేలు పెట్టాను.
దీనికీ ఒక పద్ధతుంది.
వదిలిన ఖాళీల్లో మొట్టమొదటి గడిలో
సి అని ఒక్క అక్షరం పెడితే
వరస ఉంటుంది. పారదు.

తెల్లారి లాకు మీద కాగితం చదివి వినిపించాను.
చివరికొచ్చి మడిచాను.
"మరి కాటమ్మ బోదో?" అన్నాడు ఏసుదాసు.

ఉందండి, అన్నాను.